తుపాకీ ఇచ్చిన మేనమామ

1906-07 ప్రాంతంలో బొంబాయిలో పదేళ్ల పిల్లాడొకడు తన వేట లెక్కను కాగితం మీద పెట్టాడు. గుర్రాల శాల గోడ కన్నంలో ఆడ పిచ్చుక గుడ్లు పొదుగుతోంది. కన్నం పక్కనున్న మేకు మీద మగ పిచ్చుక కాపలా కాస్తోంది. ఆపి ఉంచిన బండి చాటున నక్కి, పిల్లాడు మగ పిచ్చుకను కొట్టాడు. కాసేపటికే మరో మగ పిచ్చుక వచ్చి అదే మేకు మీద కూర్చుంది. దాన్నీ కొట్టాడు. వారం తిరిగేసరికి ఆ ఒక్క మేకు మీదే ఎనిమిది మగ పిచ్చుకలు పడ్డాయి. ప్రతిసారీ ఆడ పిచ్చుకకు కొత్త జోడు దొరుకుతూనే ఉంది.

రాసినవాడికి అప్పట్లో అది గురి చూసుకుని మురిసిపోయే ముచ్చట మాత్రమే. దాదాపు అరవై ఏళ్ల తర్వాత పక్షి ప్రేమికుల పత్రిక ఒకటి దాన్ని అచ్చు వేసేనాటికి విషయం వేరు. పక్షుల దాంపత్యం గురించి ఓ పిల్లాడు చూసిన అసలైన పరిశీలనగా దానికి విలువ వచ్చింది. ఆ పిల్లాడు సలీం అలీ. ఆయన చేతికి తుపాకీ ఇచ్చింది మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ.

భారతదేశపు పక్షి శాస్త్రానికి పెద్దదిక్కుగా సలీం అలీ పేరు చాలామందికి తెలుసు. ఆయన్ను పెంచిన మేనమామ పేరు మాత్రం పెద్దగా వినపడదు. 1896 నవంబరు 12న సలీం పుట్టాడు, ఇంట్లో అందరికంటే చిన్నవాడు. ఏడాది నిండేసరికి తండ్రి పోయాడు, మూడేళ్లకు తల్లి పోయింది. పిల్లలందరినీ మేనమామే ఇంటికి తెచ్చుకున్నాడు. అమీరుద్దీన్, హమీదా బేగం దంపతులకు సొంత పిల్లలు లేరు. బొంబాయి ఖేత్‌వాడీలోని ఆ ఇల్లే అనాథ పిల్లలకు పుట్టిల్లయింది. మేనమామ అనే మాటకు మన ఇళ్లలో ఉన్న బరువేమిటో తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అమీరుద్దీన్‌కు షికారు ప్రాణం. ఆ రోజుల్లో కలిగినవాళ్ల ఇళ్లలో అది మామూలు వ్యాపకమే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో ఆయన సభ్యుడు కూడా. 1883లో పుట్టిన ఆ సంఘంలో అప్పటికి భారతీయులు తక్కువే. మేనల్లుడికి ఆయన ఒక గాలి తుపాకీ కొనిచ్చాడు. పిల్లాడికి పెద్దయ్యాక పేరు మోసిన వేటగాడు కావాలని కోరిక. ఆ ఇంట్లో పిచ్చుకలు కొట్టి తేవడం తప్పేమీ కాదు, అవి వంటింటికి వెళ్లేవి.

అలాంటి ఒక పిచ్చుకే కథ మార్చింది. 1908లో సలీం కొట్టిన పిచ్చుక మెడ కింద పసుపు మచ్చ కనిపించింది. చూస్తే కూర మరక అంటినట్టుంది. ఊర పిచ్చుకకు ఇలాంటి మచ్చ ఉండదు. ముసల్మానుల ఇంటి పిల్లాడు కనక అతనికి ఇంకో అనుమానం కూడా వచ్చింది: ఈ కొత్త రకాన్ని తినొచ్చా, తినకూడదా? పిట్టను పట్టుకుని నేరుగా మామ దగ్గరకు పరిగెత్తాడు.

అమీరుద్దీన్ దాన్ని తిప్పి చూశాడు. ఆయనకూ తెలియలేదు. తెలియని పెద్దవాళ్లు సాధారణంగా రెండే పనులు చేస్తారు. ఏదో ఒక పేరు చెప్పేస్తారు, లేకపోతే అవతలికి పొమ్మంటారు. ఆయన మూడో పని చేశాడు. సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్‌కు పరిచయ లేఖ ఒకటి రాసి, పిట్టతో సహా పిల్లాడినే పంపించాడు. పిట్టను నౌకరు చేత పంపి జవాబు తెప్పించుకోవచ్చు. ప్రశ్న ఎవరిదో వాళ్లే వెళ్లి కనుక్కోవాలన్నట్టు మేనల్లుణ్ణే పంపాడు. సలీం అలీ జీవితం మలుపు తిరిగింది అక్కడే.

ఇంగ్లీషు దొరతో ముఖాముఖి మాట్లాడటం ఆ పిల్లాడికి కొత్త. బెరుగ్గానే వెళ్లాడు. మిల్లార్డ్ పిట్టను చూసి వెంటనే పేరు చెప్పాడు. అంతటితో ఊరుకోకుండా, చెక్క బీరువాల సొరుగులు లాగి వరసగా పేర్చిన వందల పక్షి నమూనాలు చూపించాడు. పక్షుల మీద పుస్తకాలు చదవడానికిచ్చాడు. కావాలంటే ఇక్కడికొచ్చి పని నేర్చుకోవచ్చని చెప్పాడు. సొసైటీలో క్యూరేటర్‌గా ఉన్న నార్మన్ కిన్నియర్ కూడా ఆ కుర్రాడికి ఆసరా అయ్యాడు. ఈ కిన్నియరే తర్వాత లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ప్రకృతి విభాగానికి డైరెక్టరయ్యాడు.

నమూనా తయారు చేయడమంటే ఓపికతో చేసే పని. చచ్చిన పిట్ట పొట్ట మీద సన్నగా కోత పెట్టాలి. ఈక ఊడకుండా, చర్మం చిరగకుండా ఒలవాలి. పురుగు పట్టకుండా లోపల మందు పూయాలి. దూది కూరి, మళ్లీ పిట్ట ఆకారం వచ్చేలా సర్ది కుట్టాలి. లోపలి అవయవాలు చూసి ఆడో మగో తేల్చాలి. అన్నిటికంటే ముఖ్యం చివర కాలికి కట్టే చిన్న చీటీ. ఎక్కడ, ఏ రోజు దొరికింది, ఆడదా మగదా, తెచ్చినవాళ్లెవరు అన్నవి ఆ చీటీ మీద లేకపోతే శాస్త్రానికి ఆ పిట్ట ఎందుకూ కొరగాదు. వేటగాడి కష్టం తుపాకీ పేలడంతో అయిపోతుంది. సలీంకు అసలు కష్టం పేలిన తర్వాత మొదలైంది.

చదువులో ఆయన ఏమంత గొప్ప కాదు. తలనొప్పులతో బడి మానేయాల్సి వచ్చింది, పొడిగాలి పడుతుందని కొన్నాళ్లు సింధుకు పంపారు. 1913లో మెట్రిక్యులేషన్ ఎలాగో గట్టెక్కింది. కాలేజీ మధ్యలో వదిలి, కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మాలోని తావోయ్ వెళ్లాడు. అక్కడి పని ఉల్ఫ్రమ్ (టంగ్‌స్టన్) గనులు, కలప. వ్యాపారం కంటే చుట్టూ ఉన్న అడవే ఆయనకు ఎక్కువ నేర్పింది. తిరిగొచ్చాక డిగ్రీ లేదన్న కారణంతో జువాలజికల్ సర్వేలో ఉద్యోగం దొరకలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో నెలకు 350 రూపాయల గైడ్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. సెలవు పెట్టి జర్మనీ వెళ్లి పక్షి శాస్త్రం నేర్చుకుని 1930లో వచ్చేసరికి ఆ ఉద్యోగమే లేదు, డబ్బుల్లేక తీసేశారు.

ఖాళీగా కూర్చోలేదు. సముద్రం ఒడ్డున కిహిమ్‌లో భార్య తెహ్మీనా కుటుంబానికి చిన్న ఇల్లు ఉంటే అక్కడికి చేరాడు. దగ్గరలోని చెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. చాటున కూర్చుని నెలల తరబడి వాటినే చూశాడు. మగ గిజిగాడు గూడు సగం అల్లుతుంది. ఆడది వచ్చి పరీక్షించి, నచ్చితే కాపురం పెడుతుంది. అది గుడ్ల మీద కూర్చోగానే మగది ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడదాని కోసం చూస్తుంది. గుర్రాల శాలలో బండి చాటున నక్కి కూర్చున్న పిల్లాడి ఓపికే ఇది. ఈసారి చేతిలో తుపాకీ లేదు, పుస్తకం ఉంది.

ఆ వెంటనే ఆయన మన నేలకు వచ్చాడు. 1931-32లో నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వే జరిగింది. ఖర్చులు భరిస్తే చాలు, జీతం అక్కర్లేదని సలీం అలీయే సొసైటీతో చెప్పి ఆ పని తలకెత్తుకున్నాడు. తెహ్మీనా కూడా డేరాల వెంట నడిచింది. నల్లమలలోని మన్ననూరు, ఫరహాబాద్ లాంటి అడవి చోట్ల మకాం వేసి పక్షులను సేకరించి, చీటీలు కట్టి, రోజువారీ రాతలు రాశాడు. ఆ ఫలితాలు సొసైటీ జర్నల్లో వరసగా అచ్చయ్యాయి. తెలంగాణ పక్షుల గురించి పని చేసేవాళ్లు ఇవాళ్టికీ వెనక్కి తిరిగి చూసే లెక్క అది. తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్ లాంటి సంస్థానాల్లోనూ అదే పద్ధతి. 1941లో భారతీయ పక్షుల పుస్తకం వచ్చింది. అమెరికన్ శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాలు 1968 నుంచి 1974 వరకు వెలువడ్డాయి.

వేటగాడిగా మొదలైనవాడు సంరక్షకుడెలా అయ్యాడని కొందరికి సందేహం. సలీం అలీ తన వేటను ఎన్నడూ దాచుకోలేదు. శాస్త్రం కోసం నమూనా సేకరించడం అవసరమనే అన్నాడు, సరదా ఊచకోతను మాత్రం ఒప్పుకోలేదు. తేడా ఎంతో తెలియాలంటే భరత్‌పూర్ చూడాలి. అక్కడి రాజుల బాతుల వేటలో 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షులను కూల్చింది. ఆ చావులతో పక్షుల గురించి లోకానికి తెలిసిందేమీ లేదు. ఆ చిత్తడినేలను కాపాడటానికి గట్టిగా పూనుకున్నవాళ్లలో సలీం అలీ ఒకడు. కేవలాదేవ్ పేరుతో అది 1985లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అదే ఏడాది వచ్చిన ఆయన ఆత్మకథ పేరులోనూ పిచ్చుకే ఉంది: ‘ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో’.

వేట తెలిసినవాళ్ల చూపు శాస్త్రానికి ఎంత అక్కరో చెప్పే సంగతి ఒకటి కడప జిల్లాలోనూ ఉంది. పక్షి శాస్త్రవేత్త జెర్డన్ 1848లో కనుగొన్న కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. ఎంతమంది వెతికినా దొరకలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో అదే బొంబాయి సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాని ఉనికిని మళ్లీ లోకానికి చెప్పాడు. కానీ పొదల మధ్య రాత్రిపూట తిరిగే ఆ పిట్టను టార్చి వెలుగులో పట్టింది స్థానిక వేటగాడు. చదువుకున్నవాళ్లు పగలు వెతికారు, అతనికి అది రాత్రి పిట్టని తెలుసు. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. కలివికోడి మళ్లీ దొరికిన మరుసటి ఏడాది, 1987 జూన్ 20న, తొంభై ఏళ్ల వయసులో సలీం అలీ కన్నుమూశాడు.

1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది, కావాల్సిందే. కానీ ఒకప్పుడు వల పన్నిన, ఉచ్చు వేసిన తాతలు, మేనమామలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఏ పిట్ట ఏ నెలలో ఎక్కడ గుడ్లు పెడుతుందో, దాని కూతకు ఊళ్లో ఏ పేరుందో వాళ్లకు తెలుసు. సెలవులకు ఊరెళ్లినప్పుడు వాళ్లతో చెరువు గట్టు దాకా నడిచి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. తేదీ, చోటు వేయడం మరవకండి.