చాక్లెట్‌కి బెండకాయ చుట్టం! మీకు తెలుసా?

ఎండాకాలం సెలవులు, హైదరాబాద్ ఉప్పల్‌లో అద్దె ఇల్లు, వంటింట్లో రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్వు, ఓ చిన్న ఫ్రిజ్. ఓవెన్ లేదు. అయినా పిల్లలకు కేకులాంటిదేదో కావాలి! అలాంటి ఇళ్ల కోసమే పుట్టినట్టుంటాయి ఓవెన్ అక్కర్లేని చాక్లెట్ మార్ష్‌మాలో బార్లు. కరిగించడం, కలపడం, ఫ్రిజ్‌లో పెట్టడం, కొయ్యడం. పని అంతే. వాటి చుట్టూ పోగైన వింతలు మాత్రం బోలెడు! ఏది ముందు చదివినా ఫర్వాలేదు.

◆ చాక్లెట్‌నిచ్చే కోకో చెట్టు, మార్ష్‌మాలో అనే మొక్క, మన బెండ, గోంగూర, మందార, పత్తి... అన్నీ ఒకే కుటుంబం! మాల్వేసీ అనే ఆ కుటుంబం లెక్కన మీ పెరటి మందారం చాక్లెట్‌కి ఏదో ఒక వరస అవుతుంది. అలాగని బార్లలో గోంగూర వేయమని నేను చెప్పడం లేదు.

◆ ఇప్పుడు కొట్లో దొరికే మార్ష్‌మాలోలో ఆ మొక్క ఇసుమంతైనా ఉండదు! పూర్వం దాని వేరులోని జిగురును గొంతునొప్పికి వాడేవారు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ మిఠాయివాళ్లు అదే జిగురుకు చక్కెర, గుడ్డు తెల్లసొన చేర్చి గిలక్కొట్టారు, ఆ తర్వాత జెలటిన్ వచ్చి వేరును మూలన కూర్చోబెట్టింది.

◆ మార్ష్‌మాలో ప్యాకెట్టు కొన్నారా? మీరు కొన్నదాంట్లో సగానికి పైగా గాలే! అందుకే అది నీళ్లలో వేసినా పాలలో వేసినా బెండులా తేలుతుంది.

◆ గాజు పాత్రలో మార్ష్‌మాలో పెట్టి, చుట్టూ ఉన్న గాలిని పంపుతో లాగేస్తే అది ఉబ్బి ఉబ్బి భూతమైపోతుంది! బయట నొక్కే గాలి లేకపోయేసరికి లోపలి బుడగలు వ్యాకోచిస్తాయి. గాలి మళ్లీ వదిలారో, ముడతలు పడి చిక్కిపోతుంది.

◆ 1953లో ఈస్టర్ పండగకి అమ్మే ‘పీప్స్’ అనే మార్ష్‌మాలో కోడిపిల్ల ఒక్కటి తయారవడానికి 27 గంటలు పట్టేది. ఇప్పుడు 6 నిమిషాలు! అప్పట్లో ఒక్కొక్కదాన్నీ చేత్తో పిండేవాళ్లు, తర్వాత మిషన్లు వచ్చాయి.

◆ 1953 అంటే గుర్తొచ్చింది. అదే ఏడాది మే 29న టెన్జింగ్ ఎవరెస్టు శిఖరం మీద మంచులో చాక్లెట్లు, బిస్కెట్లు పాతి దేవతలకు నైవేద్యం పెట్టాడు! అదే ఏడాది మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ మొదలైంది, అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఒక దానికొకటి సంబంధం లేదు, నాకు మాత్రం భలే సరదా!

◆ సరే, ఇంతకీ బార్లు ఎలా చేస్తారు? 200 గ్రాముల డార్క్ చాక్లెట్, 50 గ్రాముల వెన్న, రెండు చెంచాల తేనె ఒక గిన్నెలో వేసి, మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించండి. దించి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. 150 గ్రాముల మేరీ బిస్కెట్లు చేత్తోనే విరిచి, 100 గ్రాముల చిన్న మార్ష్‌మాలోలు, ఓ గుప్పెడు వేయించిన పల్లీలు కలపండి. బటర్ పేపర్ పరిచిన 8 అంగుళాల చదరపు ట్రేలో ఒత్తి, రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, 16 ముక్కలు కొయ్యండి. బిస్కెట్లను పొడి చెయ్యకండి, పెంకుల్లా ఉంటేనే కరకరలాడతాయి. మేరీ బదులు ఉస్మానియా బిస్కెట్ వేస్తే ఆ ఉప్పదనం చాక్లెట్‌ని ఇంకా పైకి లేపుతుంది. నా ఓటు దానికే!

◆ ఇప్పుడో లెక్క. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు. ఈ 8 అంగుళాల ట్రేలు వరసగా పేర్చుకుంటూ పోతే ఉప్పల్ స్టేడియం పిచ్ ఈ చివర నుంచి ఆ చివరికి ఎన్ని పడతాయి? సరిగ్గా 99! ఒక్కటి కలిస్తే సెంచరీ, కానీ 22 గజాలంటే 792 అంగుళాలు, ఎనిమిదితో భాగిస్తే అక్కడే ఆగుతుంది. వెడల్పు 10 అడుగులు కాబట్టి అడ్డంగా 15 ట్రేలు. పిచ్ మొత్తం కప్పాలంటే 1,485 ట్రేలు, 23,760 ముక్కలు! అన్ని ముక్కలూ పంచినా నిండిన స్టేడియంలో అందరికీ చాలవు.

◆ 2025 మార్చి 23న అదే ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 20 ఓవర్లలో 286 పరుగులు బాదింది. పరుగుకో ముక్క చొప్పున పంచాలంటే 18 ట్రేలు కావాలి, పైన రెండు ముక్కలు మిగులుతాయి. ఆ రెండూ ఎక్స్‌ట్రాలు!

◆ కరిగిన చాక్లెట్‌లో చెంచాడు నీళ్లు పడితే ఏమవుతుంది? పలచబడుతుంది అనుకున్నారు కదూ? గట్టిపడి గడ్డకడుతుంది! చక్కెర, కోకో రేణువులు ఆ కాస్త తడికి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇంకా వింతేమిటంటే, మరికొన్ని వేడి నీళ్లో పాలో పోస్తే మళ్లీ జారుగా అవుతుంది, కాకపోతే అప్పుడది సాస్, బారు కాదు.

◆ ఒకే కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు! నిగనిగలాడుతూ టక్కున విరిగే చాక్లెట్‌లో ఉండేది అయిదో రకం, అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన నోటి వేడి 37, అందుకే నాలుక మీద పెట్టగానే మాయం.

◆ 1966 జూన్ 2న హైదరాబాద్‌లో 45.5 డిగ్రీల ఎండ కాసింది. ఆ రోజు చాక్లెట్ బయట పెడితే స్టవ్వు వెలిగించే పనే ఉండేది కాదు!

◆ బేకరీ సామాన్ల కొట్లో అమ్మే ‘కాంపౌండ్’ దిమ్మ ఎండకి అంత తొందరగా లొంగదు, తెలుసా? అందులో కోకో వెన్నకి బదులు వేరే వెజిటబుల్ కొవ్వు ఉంటుంది. పని తేలిక, ధర తక్కువ, రుచి కూడా తక్కువే.

◆ ఉప్పల్‌లో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు! ఊరు సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి 98 దాటగానే మరిగిపోతాయి. ఇంట్లోనే మార్ష్‌మాలో చేసేవాళ్లు పుస్తకంలో 115 డిగ్రీల పాకం అని ఉంటే ఇక్కడ 113 దగ్గరే దించాలి. థర్మామీటర్ లేదా? అమ్మమ్మని పిలవండి. నీళ్లలో వేసిన పాకం వేళ్లకు మెత్తని ఉండలా వచ్చిందంటే ఆవిడే చెబుతుంది, ఇక చాలని.

◆ ప్యాకెట్టు మీద చుక్క చూశారా? మామూలు మార్ష్‌మాలోలో ఉండే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది! శాకాహారులు పచ్చ చుక్క ఉన్న ప్యాకెట్టే వెతుక్కోవాలి. మాంసాహారానికి గుర్తు ఇప్పుడు చుక్క కాదు, గోధుమరంగు త్రికోణం.

◆ ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన వింత! జెలటిన్ 35 డిగ్రీల చుట్టుపక్కలే కరిగిపోతుంది. బార్లు కలిపేటప్పుడు చాక్లెట్ చల్లారాలన్నది అందుకే, వేడిగా ఉంటే మార్ష్‌మాలోలు కనపడకుండా పోతాయి. కానీ సముద్రపు నాచు నుంచి తీసే అగర్, అదే మన కొట్లలో చైనా గ్రాస్ అని అమ్మేది, 40 డిగ్రీల లోపు గడ్డకడుతుంది, ఆ తర్వాత 85 డిగ్రీలు దాటితే గానీ కరగదు! ఒకసారి బిగుసుకుందంటే మన మే నెల ఎండ కూడా దాన్ని ఏమీ చెయ్యలేదు.

ఈ సంగతి 1881లో జర్మనీలో ఫానీ హెస్ అనే ఇల్లాలికి తెలుసు. రాబర్ట్ కోచ్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఆమె భర్త పనిచేసేవాడు. సూక్ష్మజీవులను పెంచడానికి వాడే జెలటిన్ వేసవిలో నీరైపోతోందని భర్త తల పట్టుకుంటే, తన జామ్‌లు, పుడ్డింగులు ఎండలోనూ నిలబడే కిటుకు ఆమె చెప్పింది: అగర్ వెయ్యమని! కోచ్ 1882 నాటి క్షయ పరిశోధన వ్యాసంలో అగర్ పేరు ఉంది, ఆమె పేరు లేదు. ఉప్పల్ రోడ్డులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది కదా, అలాంటి సంస్థలు ప్రపంచంలో ఎక్కడున్నా బ్యాక్టీరియాను పెంచే పళ్లేల్లో ఈనాటికీ అదే వంటింటి సరుకు!

◆ మార్ష్‌మాలోలతో కాంతి వేగం కొలవొచ్చు! మైక్రోవేవ్‌లో తిరిగే పళ్లెం తీసేసి, ఒక గిన్నెలో మార్ష్‌మాలోలు ఒక్క వరస పరిచి కొద్దిసేపు వేడి చెయ్యండి. పిల్లలూ, పక్కన పెద్దవాళ్లు ఉండాలి సుమా! అక్కడక్కడా మాత్రమే కరుగుతాయి, ఆ మచ్చల మధ్య దూరం దాదాపు 6 సెంటీమీటర్లు. దాన్ని రెట్టింపు చేసి, ఓవెన్ వెనక రాసి ఉండే 2,450 మెగాహెర్ట్జ్‌తో గుణిస్తే సెకనుకు దాదాపు 30 కోట్ల మీటర్లు వస్తుంది. కొలత పరికరాన్ని చివర్లో తినెయ్యగలిగే ప్రయోగం ఇంకేదైనా ఉందా?

◆ అసలు మైక్రోవేవ్ ఓవెనే ఒక బారు కరగడం వల్ల పుట్టింది! 1945లో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ యంత్రం పక్కన నిలబడితే జేబులోని మిఠాయి బారు కరిగి ముద్దయింది, వేరేవాళ్లయితే చొక్కా మార్చుకునేవాళ్లేమో, ఆయన పేటెంట్ తీసుకున్నాడు.

◆ మీరు విరిచిన మేరీ బిస్కెట్ ఒక రాకుమారి పేరు మీద పుట్టింది! 1874లో రష్యా రాకుమారి మరియాకి ఇంగ్లండు రాకుమారుడితో పెళ్లయినప్పుడు లండన్‌లోని పీక్ ఫ్రీన్ కంపెనీ దీన్ని తయారుచేసింది.

◆ రాకుమారుల పెళ్లంటే మరొకటి. 2011 ఏప్రిల్ 29న విలియం పెళ్లి విందులో ఆయన కోరి చేయించుకున్న చాక్లెట్ బిస్కెట్ కేక్‌కి ఓవెన్ అక్కర్లేదు! 1,700 బిస్కెట్లు, 17 కిలోల చాక్లెట్, అంటే బిస్కెట్‌కి సరిగ్గా 10 గ్రాములు. మన ట్రేలో ఉన్నదీ ఆ కుటుంబపు వంటే.

◆ అమెరికాలో మరమరాలను కరిగించిన మార్ష్‌మాలోలో కలిపి ముక్కలు కోసే మిఠాయి 1939లో కెలాగ్స్ వంటశాలలో పుట్టింది. మన మరమరాల ఉండలు, పల్లీపట్టీ చూసినవాళ్లకి ఇందులో కొత్తేముంది? బెల్లం పాకం చేసే పనే అక్కడ మార్ష్‌మాలో చేస్తుంది, ఓవెన్ రెంటికీ అక్కర్లేదు!

◆ దేశంలో కోకో అందరికన్నా ఎక్కువ పండించే రాష్ట్రం ఏది? కేరళ అన్నారా? కాదు, ఆంధ్రప్రదేశ్! గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో, ఏలూరు వైపు ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా పెరుగుతుంది.

◆ కోకో కాయ కొమ్మ చివర వేలాడదు, మొదలుకే అంటుకుని కాస్తుంది, మన పనసలాగే! ఆ పూలకు పుప్పొడి మోసేది దోమ కన్నా చిన్న పురుగు, వందల పూలు పూసినా కాయగా మారేవి అతి కొద్ది.

◆ 1545 నాటి మెక్సికో ధరల పట్టీ ప్రకారం మంచి టర్కీ కోడిపెట్ట ఖరీదు 100 కోకో గింజలు! గింజలే అక్కడ చిల్లర డబ్బు. దొంగ గింజలు చేసేవాళ్లు కూడా ఉండేవాళ్లు, డబ్బన్నాక తప్పుతుందా?

◆ 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో టన్ను కోకో 12,000 డాలర్లు దాటింది! పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతినడమే కారణం.

◆ 2014లో దక్షిణ కొరియా ఉద్యమకారులు 50 బెలూన్లకు 10,000 చాకోపైలు కట్టి ఉత్తర కొరియా మీదికి వదిలారు! రెండు బిస్కెట్ల మధ్య మార్ష్‌మాలో పెట్టి చాక్లెట్ పూసిన ఆ తినుబండారం అక్కడ నల్లబజారులో డబ్బులా చలామణీ అయ్యేది.

◆ పెద్ద మార్ష్‌మాలో ఒక్కదాంట్లో 4 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆరు తింటే 24! పెద్దవాళ్లకు రోజుకు 25 గ్రాములకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, కాబట్టి ఏడోదానికి చెయ్యి చాచకండి. పోషణ లెక్కలు తేల్చే మన జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది పక్కనే తార్నాకలో. అది 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది.

◆ ట్రే ఫ్రిజ్‌లో పెట్టాక ఏం చెయ్యాలి? నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టిన ఎన్టీఆర్ తీసిన ‘దానవీరశూర కర్ణ’ పెట్టుకోండి! 1977 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమా నాలుగు గంటలకు కాస్త తక్కువ, అందులో ఆయన కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే వేశారు. సినిమా అయ్యేసరికి బార్లు రాయిలా బిగుస్తాయి.

◆ మనకు ముద్దైన చాక్లెట్ కుక్కకు విషం! అందులోని థియోబ్రొమిన్‌ని దాని ఒళ్లు మనంత వేగంగా వదిలించుకోలేదు, కాబట్టి టామీ ఎంత జాలిగా చూసినా ఒక్క ముక్క కూడా పెట్టకండి, బిస్కెట్ పెట్టండి.

◆ స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే శాస్త్రవేత్త పిల్లల ముందు మార్ష్‌మాలో లాంటి చిరుతిండి పెట్టి, పావుగంట తినకుండా ఆగితే ఇంకోటి ఇస్తానన్నాడు. ఆగిన పిల్లలే పెద్దయ్యాక ముందుంటారని చాలాకాలం చెప్పుకున్నారు. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది! మన మెట్రోలో తినడం నిషేధం కదా, డబ్బాలో బార్లు పెట్టుకుని ఉప్పల్‌లో ఎక్కినవాళ్లు స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ దాటి తార్నాకలో దిగేదాకా ఈ పరీక్షే రాస్తున్నట్టు. మీరైతే ఎన్ని స్టేషన్లు ఆగగలరు?