అంజూర చెట్టుకు ఆకలెంత?

మీ పెరట్లో ఒక అంజూర చెట్టు ఉన్నదనుకోండి. నాటి నాలుగేళ్ళయింది. చూరు దాటి పెరిగింది. ఒక్కొక్క ఆకు మీ అరిచేతికి రెండింతలున్నది. కాని కాయ ఒక్కటీ లేదు. "ఇన్నాళ్ళయినా ఒక్క పువ్వు పుయ్యలేదు, ఇదింకేం కాస్తుంది? కొట్టించేసి నిమ్మచెట్టు వేద్దాం," అంటున్నారు మీ నాన్నగారు. గొడ్డలి వచ్చే లోపల ఆ చెట్టు తరఫున మీరు కాస్త విచారణ జరపాలి.

మొదట పువ్వు సంగతి చూద్దాం. అంజూర పువ్వు పైకి కనబడదు. మేడి, మర్రి, రావి చెట్లకు ఇది దగ్గర చుట్టం. ఆ కుటుంబమంతటికీ పువ్వులను దాచుకునే అలవాటున్నది. మనం కాయ అనుకునేది నిజానికి ఒక సంచి. దాని లోపలి గోడలనిండా సన్నని పూలు వందలకొద్దీ ఉంటాయి. పండు కొరికితే పంటికింద కరకరలాడేవి ఆ పూల తాలూకు గింజలే. కనక పువ్వు లేదని ఈ చెట్టు మీద నేరం మోపటానికి వీల్లేదు.

పోనీ, ఇది కాయని జాతేమో? అటువంటి కథ ఒకటి లేకపోలేదు. అమెరికాలోని కాలిఫోర్నియావారు 1880 తరవాత తుర్కీ దేశం నుంచి స్మిర్నా అంజూర కొమ్మలను వేలకొద్దీ తెప్పించి నాటారు. చెట్లు పెరిగాయి, పిందెలు వేశాయి, కాని అవి ఏటేటా పండకుండానే రాలిపోయేవి. దోమ కన్న చిన్నదైన ఒక కందిరీగ లోపల దూరి పుప్పొడి అందిస్తేనే ఆ జాతి కాయ పండుతుంది. చివరకు ఆ పురుగును కూడా తెప్పించారు. 1899లో అది అక్కడ నిలదొక్కుకున్నాక గాని పండ్లు చేతికి రాలేదు. మన ఇళ్ళల్లో సాధారణంగా పెంచే పూనా అంజూరకు ఈ చిక్కు లేదు. పురుగు సాయం లేకుండానే అది పండుతుంది.

మరి దోషం ఎక్కడున్నది? చెట్టుకు ఏం పెడుతున్నారో అడగండి. అమ్మమ్మగారు నెలకొక తట్ట పేడ వేస్తున్నారు. నాన్నగారు అప్పుడప్పుడు గుప్పెడు యూరియా చల్లుతున్నారు. బట్టలుతికిన నీళ్ళు కూడా అటే పోతున్నాయి. అందరూ ప్రేమతో చేసేదే! కాని అంజూర పుట్టిల్లు పడమటి ఆసియా కొండప్రాంతాలు. అక్కడిది రాతినేల, సున్నపునేల. ఎండాకాలం పొడుగునా చినుకు పడదు. అటువంటి చోట బతకనేర్చిన చెట్టుకు రోజూ విందు పెడితే ఏమవుతుంది? నత్రజని ఎక్కువై ఆకూ, కొమ్మా వేసుకుంటూ పోతుంది. కాయల మాట మరిచిపోతుంది.

చెట్టు ఆకలితో ఉన్నదో, అజీర్తితో ఉన్నదో తెలుసుకోవటం సులభమే. బట్టలు కొలిచే టేపు తీసుకోండి. కొమ్మ చివర లేతగా, నున్నగా ఉన్న భాగం ఈ ఏడు పెరిగింది. బెరడు బూడిదరంగుకు తిరిగిన చోట నిరుటి కొమ్మ మొదలవుతుంది. లేత భాగాన్ని నాలుగైదు కొమ్మల మీద కొలవండి. అది అడుగు కన్న తక్కువైతే చెట్టుకు ఆకలిగా ఉన్నది, ఎరువు పెట్టాలి. అడుగుకూ రెండడుగులకూ మధ్య ఉంటే చెట్టు సుఖంగా ఉన్నట్టు. రెండడుగులు దాటితే ఈ ఏడాది పేడా, యూరియా రెండూ మానెయ్యండి. కొలతలు ఒక నోటుపుస్తకంలో తేదీతో సహా రాసిపెడితే మరీ మంచిది. నాన్నగారితో వాదించటానికి నోటిమాట కన్న అంకెలు బాగా పనికొస్తాయి.

ఆకలిగా ఉన్న చెట్టుకయినా బాగా చివికిన పశువుల ఎరువే వెయ్యాలి, పచ్చిపేడ పనికిరాదు. మాను మొదట్లో కుప్ప పొయ్యకుండా, కొమ్మల చివళ్ళ కింద చుట్టూ పరిచి, పైపైన మట్టి కలపండి. దీని వేళ్ళు పైపైనే పాకుతాయి. గడ్డపార దింపితే అవి తెగుతాయి. ఎరువుతో పాటు కాస్త వేపపిండి కలపటం మంచిది. ఇసుకనేలల్లో కంటికి కనపడని నులిపురుగులు వేళ్ళలో దూరి బుడిపెలు కట్టిస్తాయి, వేపపిండి వాటిని కొంత అదుపులో ఉంచుతుంది. ఆ పైన ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది.

కుండీలో చెట్టుంటే లెక్క మారుతుంది. పోసిన నీళ్ళతో పాటే సారమంతా కిందికి కారిపోతుంది గనక, చిగురించే కాలంలో నెలకొకసారి కొద్దికొద్దిగా పెట్టాలి.

నీళ్ళు నేలలోని చెట్టుకు వారానికొకసారి పోస్తే చాలు, కాని లోతుగా తడవాలి. కాయ ముదిరే రోజుల్లో కొన్నాళ్ళు ఎండగట్టి, ఒక్కసారిగా బిందెలు బిందెలు గుమ్మరిస్తే పండు పగులుతుంది. పుణె దగ్గరి రైతులు వేసవి పంటను 'మీఠా బహార్' అనీ, వానాకాలపు పంటను 'ఖట్టా బహార్' అనీ అంటారు, అంటే తీపి పంట, పుల్ల పంట అని అర్థం. ఎండ చేసే పని ఆ పేర్లలోనే ఉన్నది. మీ చెట్టు గోడనీడలో ఉంటే, కాయకపోవటానికి అది కూడా కారణం కావచ్చు.

వానలు వెళ్ళాక కొమ్మల చివళ్ళు కొద్దిగా కత్తిరించాలి. కాయలు ఎక్కువగా కొత్త చిగురు మీదే వస్తాయి. ఈ పని పెద్దలు చెయ్యాలి, పొడుగుచేతుల చొక్కా వేసుకుని మరీ చెయ్యాలి. తెగిన చోట కారే పాలు ఒంటికి తగిలి, ఆ పైన ఎండ పడితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఆ పాలకు మరో గుణం కూడా ఉన్నది. నాలుగు చుక్కలు వేస్తే ఆవుపాలు విరుగుతాయి. గ్రీకు కవి హోమర్ తన ఇలియడ్ కావ్యంలో ఈ సంగతి ప్రస్తావించాడు. కత్తిరించిన కొమ్మల్లో బొటనవేలంత లావున్నవి జానెడు ముక్కలు చేసి, మూడింట రెండు వంతులు మట్టిలో గుచ్చితే వేళ్ళు తొడుగుతాయి.

వానాకాలంలో ఆకుల అడుగున తుప్పులాంటి పొడి కనబడితే, రాలిన ఆకులను ఏరి దూరంగా పారవెయ్యండి. ఆకుల మీద నీళ్ళు చల్లకండి.

ఇన్నీ చేశాక ఒకనాడు ఆకు మొదట్లో బఠానీగింజంత కాయ కనబడుతుంది. తొందరపడి కొయ్యకండి, కోసిన అంజూర అరటికాయలాగ ఇంట్లో మగ్గదు. మెడ వాలి, మెత్తబడి, కాయ కిందికి వేలాడే దాకా ఆగాలి. తొడిమ దగ్గర పాలు కారితే ఇంకా పచ్చిదే. ఈ లెక్క గోరింకలకు మీ కన్న బాగా తెలుసు. కనక ఆ వారం రోజులూ కాయకు పలచటి గుడ్డసంచి కట్టి ఉంచండి.