షాబాన్ వెన్నెలలో దాగిన గ్రహశకలం

అది హిజ్రీ 1446, షాబాన్ మాసం. ఇళ్లలో రమజాన్ ఏర్పాట్లు మొదలవుతున్న రోజులు. అదే సమయంలో, అంటే 2025 ఫిబ్రవరిలో, ఒక కలవరపెట్టే వార్త సెల్‌ఫోన్ల ద్వారా ఇంటింటికీ చేరింది. 2032 డిసెంబరు 22న ఒక గ్రహశకలం భూమిని ఢీకొనవచ్చుననీ, అది పడే అవకాశమున్న మార్గంలో దక్షిణాసియా కూడా ఉన్నదనీ ఆ వార్త సారాంశం. ప్రమాదానికి అవకాశం మొదట ఒక శాతం అన్నారు. తరువాత రెండు శాతం అన్నారు. ఫిబ్రవరి 18న 3.1 శాతానికి చేర్చారు. ఆ తరువాత ఆరు రోజులకే, ఫిబ్రవరి 24న, ఇక భయపడవలసినది ఏమీ లేదని తేల్చారు.

ఇది చూసి చాలామంది, "శాస్త్రవేత్తలకే తెలియదు, రోజుకో మాట చెబుతారు" అనుకున్నారు. మరికొందరు ఏదో దాచిపెడుతున్నారని అనుమానించారు. నిజానికి ఆ అంకె పెరగడం, ఆపై ఒక్కసారిగా పడిపోవడం – రెండూ ఒకే నిజాయితీ గల లెక్కలో భాగాలే. అదెలాగో తెలుసుకుంటే, రేపు ఇటువంటి మరో వార్త వచ్చినప్పుడు మన ఇంట్లో భయానికి చోటుండదు.

వెళ్లిపోతూ కనిపించిన అతిథి

ఈ గ్రహశకలం పేరు 2024 వైఆర్4. చిలీ దేశంలోని అట్లాస్ టెలిస్కోప్ దీనిని 2024 డిసెంబరు 27న గుర్తించింది. అప్పటికి రెండు రోజుల క్రితమే అది భూమికి సుమారు 8 లక్షల 29 వేల కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. అంటే మనం చూసింది వస్తున్న అతిథిని కాదు, వెళ్లిపోతున్న అతిథిని. దాని వెడల్పు సుమారు 60 మీటర్లని తరువాత జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పరిశీలనలో తేలింది. సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి దానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది.

అరవై మీటర్లంటే చిన్నదే కదా అనిపించవచ్చు. కాని 1908లో సైబీరియాలోని తుంగుస్కా ప్రాంతంపై గాలిలోనే పేలిపోయిన శిల కూడా ఇంచుమించు ఈ కోవకు చెందినదే. ఆ పేలుడుకు రెండువేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నేలకూలింది. అటువంటిది ఒక నగరంపై పేలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కనుక లెక్క సరిగా తేలడం ఎంతో అవసరం.

ఆకాశంలో చిరునామా

భూమి మీద ఒక ఊరి స్థానాన్ని అక్షాంశ, రేఖాంశాలతో చెబుతాము. ఆకాశానికీ అటువంటి రెండు కొలతలున్నాయి. రాత్రి తీసిన ఛాయాచిత్రంలో గ్రహశకలం ఒక మసక చుక్కగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న నక్షత్రాల స్థానాలు ముందే తెలిసి ఉంటాయి కాబట్టి, వాటితో పోల్చి ఆ చుక్క చిరునామా కొలుస్తారు. మరునాడు అది కొంచెం జరిగి ఉంటుంది. మళ్లీ కొలుస్తారు. ప్రపంచం నలుమూలల నుండి ఈ కొలతలన్నీ అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్‌కు చేరతాయి.

నక్షత్రాల పట్టికలు లేకపోతే ఈ పని జరగదు. ఆ పట్టికల చరిత్రలో మనకు దగ్గరి పేర్లున్నాయి. పదవ శతాబ్దిలో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ, పదిహేనవ శతాబ్దిలో సమర్ఖంద్ పాలకుడు ఉలుగ్ బేగ్ నక్షత్రాలను కొలిచి నమోదు చేయించారు. ఉలుగ్ బేగ్ పట్టికలో వెయ్యికి పైగా నక్షత్రాలున్నాయి. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలో నమోదు చేసే అంతర్జాతీయ కృషిలో పాలుపంచుకుని, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచింది. నేడు ఐరోపా వారి గయా ఉపగ్రహం అందించిన పట్టికలో 180 కోట్లకు పైగా నక్షత్రాలున్నాయి.

అయితే ఛాయాచిత్రం దిక్కునే చెబుతుంది, దూరాన్ని చెప్పదు. అందుకే ఒక్క రాత్రి కొలత చాలదు. ఎన్నో రాత్రుల కొలతలను కలిపితేనే అది ఏ కక్ష్యలో తిరుగుతున్నదో తెలుస్తుంది. కొన్ని వారాల కొలతలతో ఎనిమిదేళ్ల తరువాతి స్థానాన్ని లెక్కించేటప్పుడు, నేటి వెంట్రుకవాసి తేడా అప్పటికి లక్షల కిలోమీటర్లవుతుంది. కనుక శాస్త్రవేత్తలు "ఇక్కడే ఉంటుంది" అని ఒక బిందువును చూపరు. "ఈ పొడవైన గీత మీద ఎక్కడో ఒకచోట ఉంటుంది" అంటారు. ఆ గీత భూమి మీదుగా పోతే, అక్కడే ప్రమాదానికి అవకాశం పుడుతుంది.

అంకె ఎందుకు పెరిగింది?

దీనిని మన ఇంటి ఉదాహరణతో చూద్దాం. ఒక అమ్మాయి చెవికమ్మ పోగొట్టుకున్నది. ఇంటి గడప నుండి వీధి తలుపు దాకా వంద అడుగుల దారి. మధ్యలో మూడడుగుల వెడల్పున కాలువ. కమ్మ కాలువలో పడి ఉండే అవకాశం నూటికి మూడు. సగం దారి వెదికారు, దొరకలేదు. ఇక మిగిలింది యాభై అడుగులే, అందులో కాలువ మూడడుగులు. అవకాశం నూటికి ఆరు అయింది. కాలువ వెడల్పు పెరిగిందా? లేదు. వెదకవలసిన చోటు తగ్గింది, అంతే. చివరకు కమ్మ తలుపు దగ్గర దొరికింది. అప్పుడు కాలువ భయం సున్నా.

వైఆర్4 విషయంలోనూ జరిగింది ఇదే. కొత్త కొలత వచ్చినప్పుడల్లా గీత పొట్టిదవుతూ వచ్చింది. భూమి ఇంకా ఆ గీత మీదే ఉన్నందున భూమి వాటా పెరిగింది. చివరకు గీత మరింత కుదించుకుపోయి భూమికి పక్కకు తొలగిపోయింది.

ఈ వెదుకులాటకు గడువు కూడా ఉండేది. దూరమయ్యేకొద్దీ అది మసకబారుతూ వచ్చింది. కొన్ని నెలలు దాటితే భూమి మీది టెలిస్కోపులకు అది 2028 వరకు మళ్లీ కనిపించదు. అప్పటికీ సందేహం తీరకపోతే, సిద్ధం కావడానికి మిగిలేది నాలుగేళ్లే. ఇంతలో షాబాన్ నిండు చంద్రుడు వచ్చాడు. షబె బరాత్ నాటి ఆ వెన్నెలలో మసక చుక్కను పట్టుకోవడం కష్టమై పరిశీలనలు మందగించాయి. చంద్రుడు తరిగాక టెలిస్కోపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఫిబ్రవరి 18న అంకె గరిష్ఠానికి చేరింది, 24 నాటికి 0.004 శాతానికి పడిపోయింది. ఆపై కొద్ది రోజులకే మనం రమజాన్ నెలవంక కోసం పడమటి ఆకాశం వైపు చూశాము.

మనం చేయవలసింది

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే ఇంకా పెద్ద గ్రహశకలం భూమి ఉపరితలానికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలో దాటిపోతుంది. ఆ రోజు దగ్గరపడేకొద్దీ భయపెట్టే సందేశాలు మళ్లీ రావచ్చు. అపోఫిస్‌కు 2004 డిసెంబరులో 2.7 శాతం అవకాశం చెప్పిన మాట నిజమే. కాని అంతకు ముందు తీసిన పాత చిత్రాలలో అది కనిపించడంతో 2029 ప్రమాదం అప్పుడే తొలగింది. 2021లో రాడార్‌తో కొలిచాక, కనీసం నూరేళ్ల వరకు అది భూమిని తాకదని నిర్ధారించారు.

నెలవంక కనిపించిందన్న మాటను సాక్ష్యం లేకుండా అంగీకరించని సమాజం మనది. చూసినది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడుగుతాము. వార్త అందినప్పుడు నిజానిజాలు విచారించుకోవాలన్న దివ్య ఖుర్‌ఆన్ హుజురాత్ సూరా ఆదేశం కూడా మనకు తెలిసినదే. గ్రహశకలం వార్తకూ అదే పద్ధతి వర్తిస్తుంది. ఆ అంకె ఏ తేదీది? ఎవరు లెక్కించారు? ఆ తరువాత కొత్త కొలతలు వచ్చాయా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరికే దాకా ఆ సందేశాన్ని మరొకరికి పంపకుండా ఆపడం మన బాధ్యత. పిల్లలు భయంతో అడిగితే, చెవికమ్మ కథ చెప్పండి. ఆపై మేడ మీదికి తీసుకెళ్లి ఆకాశం చూపించండి.