సెలీనియం స్థానమున సిలికాన్

1950 ప్రాంతమున అమెరికాలో తయారైన టెలివిజన్లలో పెక్కింటికి పవర్ ట్రాన్స్‌ఫార్మరు లేదు. బరువును, ఖర్చును తగ్గింపనెంచిన తయారీదారులు ఇంటికి వచ్చెడి 117 వోల్టుల ఏకాంతర విద్యుత్తును రెండు సెలీనియం రెక్టిఫైయర్లకును, పెద్ద కండెన్సర్లకును నేరుగ అప్పగించి, దానిని ఏకముఖముగను, ద్విగుణముగను మార్చి వాల్వులకు అందించిరి. అట్టి పెట్టెను నేడు మరల వెలిగింపగోరువాడు, ఎంత ఆతురత యున్నను, ఈ రెండింటి సంగతి తేల్చుకొననిదే ప్లగ్గు పెట్టరాదు.

ఎలక్ట్రోలిటిక్ కండెన్సరునకు ప్రాణము అల్యూమినియం రేకుపైనుండు అతిసూక్ష్మమైన ఆక్సైడు పొర. ఏండ్ల తరబడి విద్యుత్తు సోకనిచో ఆ పొర క్షీణించును. లోపలి రసాయనము ఎండిపోవును. అంతట తెరపై అడ్డముగ నల్లని పట్టీ, స్పీకరులో ఎడతెగని మ్రోత; ఒక్కొక్కప్పుడు డబ్బాయే వేడెక్కి పగులుట. ఒకే డబ్బాలో రెండు మూడు కండెన్సర్లు ఇమిడియుండును గనుక, కొనల ప్రక్కన చెక్కిన త్రికోణ, చతురస్ర, అర్ధచంద్రాకారపు గుర్తులను డబ్బాపై వ్రాతతో సరిచూచి, పాతవాని తీగలను పూర్తిగ విడదీసి, ధన ఋణములు తారుమారు కాకుండ క్రొత్తవానిని చాసిస్ క్రింద అమర్పవలెను. పాత డబ్బాను పైన అట్లే యుంచుట మేలని నా మతము. యంత్రపు రూపమును చరిత్రలో భాగమే గదా!

రెక్టిఫైయరు సంగతి ఇంతకంటె సూక్ష్మమైనది. సెలీనియం పూసిన పలకలను కడ్డీకి గ్రుచ్చి చేసిన ఆ పరికరములో ఒక్కొక్క పలకవద్ద సుమారొక వోల్టు నష్టమగును. వయసుతో ఆ నష్టము పెరిగి, చిత్రము తెర అంచులను చేరక కుదించుకొనిపోవును. రెక్టిఫైయరు కాలినప్పుడు వెలువడు దుర్గంధము విషపూరితము. దాని స్థానమున 1000 వోల్టులకును, 3 ఆంపియర్లకును తాళగల 1ఎన్5408 సిలికాన్ డయోడు చక్కగ పనిచేయును. నష్టము ఒక వోల్టు మాత్రమే. అయితే ఈ గుణమే ఇచ్చట దోషమగుచున్నది. పూర్వపు ఇంజనీరు సెలీనియం మ్రింగెడి వోల్టులను లెక్కలో చేర్చుకొనియే తక్కిన యంత్రమును నిర్మించెను. ఆ నష్టము మాయమైనచో హెచ్చు వోల్టేజి వాల్వులను, కండెన్సర్లను పీడించును. నేడు అమెరికాలో సరఫరా 120 వోల్టులగుటచే భారము మరికొంత పెరుగును. కావున పోయిన నష్టమును నిరోధకమొకటి చేర్చి బుద్ధిపూర్వకముగ తిరిగి కల్పింపవలెను: 0.25 ఆంపియరు ప్రవహించుచోట 20 వోల్టులు హెచ్చినచో 80 ఓముల నిరోధకము సరిపోవును; అందు 5 వాట్లు వేడిగ మారును గనుక 10 వాట్లది వాడవలెను. వాల్వులు వేడెక్కి కరెంటు లాగువరకు వోల్టేజి సుమారు 340 దాక ఎగయును. అందుచే ద్విగుణిత వోల్టేజి పడుచోట 450 వోల్టుల కండెన్సరే క్షేమము.

ఇట్టి పెట్టెలలో సరఫరా తీగ యొకటి చాసిస్‌కే కలిసియుండవచ్చును. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండ చాసిస్‌ను తాకుట ప్రాణాంతకము. ఆ ఏర్పాటుతో, వోల్టేజిని కొంచెము కొంచెముగ పెంచుచు, వాల్వులు పూర్తిగ వేడెక్కిన పిదప మీటరులోని అంకెను సర్వీసు పుస్తకములోని అంకెతో పోల్చి, ఆ మీదటనే నిరోధకమును సోల్డరు చేయవలెను.