కల్లులో కలిపిన నిద్ర

తాటిచెట్టు నుండియో ఈతచెట్టు నుండియో తెల్లవారకముందు దింపిన నీరా తియ్యగా నుండును. ప్రొద్దెక్కినకొలది గాలిలోని, లొట్టిలోని సూక్ష్మజీవులు ఆ తీపిని తినివేసి దానిని కల్లుగా మార్చును. సాయంకాలమునకు అందు నూటికి నాలుగైదు పాళ్ళ మద్యసారము చేరును. మరునాటికి అది పులిసి నోట పెట్టరానిదగును. చెట్టు ఇచ్చునది ఇంతే. ఇంత అల్పాయుష్కమైన పానీయము ఊరి పొలిమేర దాటి, దూరపు పట్టణములోని కల్లు కాంపౌండులో వందలమందికి ప్రతిదినమును ఒకే రుచితో, ఒకే నిషాతో అందవలెనన్నచో చెట్లును చాలవు, గీసెడి చేతులును చాలవు. చాలనిచోట నీరు చేరును. నీటివలన పోయిన తీపికి శాకరిన్ చేరును. నీటివలన పోయిన కైపునకు మందు చేరును. తెలంగాణములో దశాబ్దములుగా పత్రికల కెక్కుచున్న కల్తీకల్లు పుట్టుక యిది. మోకు నడుమునకు బిగించి, ముస్తాదు కట్టుకొని, ప్రాణము అరచేత పట్టుకొని చెట్టెక్కు గీతకార్మికునికి ఈ వ్యవహారములో దక్కునది తరచుగా నింద యొక్కటే యని ఇచటనే చెప్పి ముందుకు సాగుట న్యాయము.

కలుపు మందు కాలక్రమమున మారినది. మొదట క్లోరల్ హైడ్రేట్ ఉండెడిది. దీనిని 1832లో జర్మను రసాయనవేత్త లీబిగ్ తయారుచేసెను గాని, 1869లో బెర్లినులో లీబ్రైఖ్ అను ఔషధశాస్త్రజ్ఞుడు చూపువరకు అది నిద్రమందని లోకమునకు తెలియదు. రక్తములో ఇది క్లోరోఫారముగా విడిపోయి మత్తు కలిగించునని లీబ్రైఖ్ తలచెను. ఆ తలంపు తప్పు. శరీరము దానిని ట్రైక్లోరోఇథనాల్ అను వేరొక పదార్థముగా మార్చును, నిద్ర తెచ్చునది అదియే. తప్పుడు తర్కము నుండి పనిచేసెడి మందు పుట్టుట వైద్యచరిత్రలో అరుదు కాదు. తరువాత వచ్చిన డయజెపామ్, అనగా మన పత్రికలు డైజోఫాం అని వ్రాయునది, పుట్టిన వంశమునకును ఇట్టి యాదృచ్ఛిక జన్మమే. న్యూజెర్సీలో హాఫ్‌మన్-లారోష్ కంపెనీలో పనిచేయుచున్న లియో స్టెర్న్‌బాఖ్, పూర్వము రంగుల పరిశోధనలో తాను ఎరిగిన యొక పదార్థకుటుంబమును తడవి తడవి ఫలము గానక విడిచిపెట్టెను. 1957లో ప్రయోగశాలను సర్దునపుడు మిగిలియున్న ఒక పదార్థమును పారవేయక పరీక్షకు పంపగా, జంతువులు శాంతించినవి, వాని కండరములు సడలినవి. అది 1960లో లిబ్రియముగాను, దాని తోబుట్టువైన డయజెపామ్ 1963లో వాలియముగాను అంగడి కెక్కెను. అదే వంశమున పుట్టిన అల్ప్రాజోలం 1981లో అమెరికాలో అమ్మకమునకు వచ్చెను.

కల్తీదారులు ఒకదానిని విడిచి మరియొకదానిని పట్టుటకు గల కారణము త్రాసులో కనబడును. ఒక మనుష్యుని నిద్రపుచ్చుటకు క్లోరల్ హైడ్రేట్ ఇంచుమించు ఒక గ్రాము కావలెను. డయజెపామ్ 10 మిల్లీగ్రాములు చాలును. అల్ప్రాజోలం అరమిల్లీగ్రాము చాలును. బస్తాలు మోయవలసినచోట నేడు జేబులో పొట్లము సరిపోవుచున్నది. ఒక్క గ్రాము అల్ప్రాజోలం పొడితో పావు మిల్లీగ్రాము మాత్రలు 4,000 చేయవచ్చును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 100 గ్రాముల అల్ప్రాజోలంను వాణిజ్యపరిమాణముగా నెంచుచున్నది; అది 4 లక్షల మాత్రల పెట్టు. పైగా ఈ పొడి నీటిలో సరిగా కరగదు. యంత్రములతో తూచి, ప్రతి మాత్రలోను సమానముగా నింపవలసిన ద్రవ్యమును తొట్టిలో చల్లి కర్రతో కలియబెట్టువానికి, ఏ సీసాలోనికి ఎంత పోయినదో తెలియు మార్గమే లేదు. తొట్టి పైభాగపు కల్లు త్రాగినవానికి ఇంటికి పోవునంతటి తెలివి మిగులవచ్చును. అడుగుకల్లు త్రాగినవాడు దారిలోనే కూలవచ్చును.

ఇక ఈ మందు లోపలికి పోయి చేయు పనిని చూతము. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. చాలవరకు ఒక కణము వేరొకదానిని అంటియుండదు; రెంటి నడుమ మిల్లీమీటరులో 50,000వ వంతు సందు ఉండును. విద్యుత్తుగా కణము చివరి వరకు పరుగెత్తి వచ్చిన వార్త ఆ సందులో రసాయనముగా మారి, ఆవలి కణముపై నున్న గ్రాహకములను తాకి, మరల విద్యుత్తుగా సాగిపోవును. ఈ రసాయనములలో కణమును ఉద్రేకపరచునది ముఖ్యముగా గ్లూటమేట్. అణచునది ముఖ్యముగా గాబా. గుఱ్ఱమునకు అదలింపును కళ్ళెమును రెండును ఉన్నప్పుడే స్వారి సాగునట్లు, ఈ రెంటి సామ్యము మీదనే మన మెలకువ, నిద్ర, నడక, మాట, భయము, ధైర్యము సమస్తమును ఆధారపడియున్నవి.

గాబా అంటుకొను గ్రాహకము ఐదు ప్రోటీను తునకలు వలయముగా చేరి నడుమ ఒక సన్నని రంధ్రమును కాచియున్న నిర్మాణము. గాబా వచ్చి తగులగానే ఆ రంధ్రము తెరచుకొనును. ఋణవిద్యుత్తు గల క్లోరైడు అయానులు లోనికి ప్రవేశించును. అంతట నాడీకణము ఎంత పిలిచినను పలుకని స్థితికి వచ్చును. డయజెపామ్, అల్ప్రాజోలం గాబా స్థానమున కూర్చుండవు. ఆ ప్రక్కనే రెండు తునకల కీలులో ఒదిగి, గాబా వచ్చినప్పుడెల్ల రంధ్రము మరింత తరచుగా తెరచుకొనునట్లు చేయును. మెదడులో ఈ మందులకు ఇట్టి ప్రత్యేకస్థానము కలదని శాస్త్రజ్ఞులు కనుగొనినది 1977లో, అనగా లిబ్రియము అమ్మకమునకు వచ్చిన పదునేడేండ్లకు. కోట్లమంది మ్రింగిన పిమ్మట గాని మందు పోవు చోటు తెలియలేదన్నమాట!

ఈ పద్ధతిలో ఒక రక్షణ యున్నది. గాబా లేనిదే ఈ మందు స్వయముగా రంధ్రమును తెరువలేదు గనుక, మాత్రలు మాత్రమే మ్రింగిన ఆరోగ్యవంతుడు గాఢనిద్రలో పడియుండునే గాని ప్రాణము పోవుట అరుదు. కాని కల్లులో మందు ఒంటరిగా నుండదు. మద్యసారము అదే గ్రాహకమును వేరొక వైపునుండి ప్రోత్సహించును, అది చాలదన్నట్లు గ్లూటమేట్ పనిని కూడ అడ్డగించును; క్లోరల్ నుండి పుట్టిన పదార్థము మోతాదు మించినచో గాబా కొరకు ఎదురుచూడకయే రంధ్రమును తెరువగలదు. వైద్యశాస్త్రము ఏ రెంటిని కలుపరాదని మాత్రల అట్టపై ముద్రించుచున్నదో, ఆ రెంటిని ఒకే సీసాలో పోసి అమ్ముట కల్తీకల్లు విశేషము.

త్రాగినవాని దేహములో జరుగు మార్పులకు ఒక వరుస కలదు. భయమును పుట్టించు అమిగ్దల అను మెదడుభాగము మొదట మెత్తబడును. అప్పుల చింత, ఇంటిపోరు, రేపటి కూలి యన్న బెంగ దూరమై తోచును. వెన్నుపాములోని సంకేతములు మందగించి కండరములు సడలును. దినమంతయు బరువు మోసినవానికి ఒళ్ళునొప్పులు మాయమైనట్లుండును. (కాయకష్టము చేయువారు దీనికి లొంగుటకు వ్యసనమొక్కటే కారణమనువారు ఈ సంగతిని గమనింపవలెను.) పిమ్మట అనుమస్తిష్కము తడబడి నడక తూలును, నాలుక ముద్దగట్టును. జ్ఞాపకములను కూర్చు హిప్పోకాంపస్ పని మానుటచే, అపుడు జరిగినది మరునాడు గుర్తుండదు. వాడు మాటలాడుచునే యుండును, నడచుచునే యుండును, కాని ఆ గంటలు వాని జీవితములో వ్రాయబడవు. చివరకు మజ్జాముఖములోని శ్వాసకేంద్రము మందగించును. వెల్లకిల పడియున్నవానికి వాంతి వచ్చినచో, దగ్గి బయటికి త్రోయు శక్తి లేక అది ఊపిరితిత్తులలోనికి పోవును. చాల మరణములకు మార్గమిదే. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్లు త్రాగినవారు పలువురు ఆసుపత్రుల పాలై కొందరు మరణించిన వార్త పాఠకులకు జ్ఞాపకముండును.

అయినను నా అభిప్రాయములో కల్తీకల్లు చేయు మహాపకారము త్రాగిననాడు గాక మానిననాడు బయటపడును. ప్రతి సాయంకాలమును బయటిచేయి యొకటి వచ్చి కళ్ళెము లాగుచుండగా మెదడు ఊరకుండదు. తన గాబా గ్రాహకములను మొద్దుబారజేసికొనును, గ్లూటమేట్ పక్షమును బలపరచుకొనును. కొన్ని వారములకు ఒక సీసా పనిచేయదు. "ఎక్కుతలేదు" అని కాంపౌండులో వినబడు ఫిర్యాదు ఈ సర్దుబాటునకు లక్షణమే. అమ్మువాడు దానిని గిరాకిగా గ్రహించి మరికొంత పొడి చల్లును. ఇట్లు నెలలు, సంవత్సరములు గడచిన మీదట హఠాత్తుగా ఆ బయటిచేయి తొలగినచో, మొద్దుబారిన కళ్ళెముతో, ఉద్రేకముతో నిండిన గుఱ్ఱము మిగులును.

2015 సెప్టెంబరులో జరిగినది ఇదియే. తనిఖీలు ముమ్మరమై మందు కలిపిన కల్లు అంగళ్ళనుండి మాయము కాగానే నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో స్త్రీపురుష భేదము లేక అనేకులు ఆసుపత్రులకు కొనిరాబడిరి. అట్టి రోగి మంచముకడ నిలుచున్న వైద్యునికి కనబడు దృశ్యమును ఊహింపుడు. చేతులు చాపుమనగా వ్రేళ్ళు వణకును. నాలుక చాపుమనగా నాలుకయు వణకును. దుప్పటి మీద లేని చీమలను ఏరుచుండును. మెడ ఒక ప్రక్కకు గుంజుకొనిపోవచ్చును. ఏ దినమో చెప్పలేడు, ఎదుటనున్న కొడుకును పోల్చుకొనలేడు. చెమటలతో పడక తడియును. ఉన్నట్టుండి ఫిట్సు వచ్చి పండ్లు గిటకరచును. ఏమైన మందులు వాడునా యని వైద్యుడు అడిగిన ప్రశ్నకు భార్య తల అడ్డముగా త్రిప్పును. ఆమె దాచుటలేదు. అల్ప్రాజోలం అను పేరు ఆమె యెన్నడును వినలేదు, వాడును వినలేదు. తాను పేరెరుగని మందునకు, తనకు తెలియని మోతాదున, తన సమ్మతి లేకయే బానిసయైనవాడు వాడు. ఇతర మత్తుమందుల చరిత్రలో చాలవరకు వాడువాడు తెలిసి వాడును. ఇచట ఆ పాటి స్వాతంత్ర్యమును లేదు.

ఈ విపత్తు ఎప్పుడు మొదలగునన్నది కలిపిన మందును బట్టి యుండును. అల్ప్రాజోలం సుమారు 11 గంటలలో రక్తములో సగమగును గనుక ఒకటి రెండు దినములలోనే వణకు పుట్టును. డయజెపామ్ సగమగుటకే ఒకటి రెండు దినములు పట్టును, దానినుండి పుట్టు పదార్థము అంతకంటెను నిలువయుండును. కావున వారము గడచి, ఇంటివారు గండము గడచినదని తలచినప్పుడు ఫిట్సు రావచ్చును. గ్రామములలో ఈ వ్యవధియే పొరపాటునకు తావిచ్చును: వారము క్రితము మానిన కల్లునకును నేటి ఉన్మాదమునకును సంబంధము తోచక, గాలి సోకినదని భూతవైద్యుని పిలుతురు.

చికిత్స కష్టమైనది కాదు, ఓపికతో కూడినది. అదే వంశమునకు చెందిన డయజెపామ్ గాని లోరజెపామ్ గాని తూచిన మోతాదున ఇచ్చి, నాడీకణములు తమ గ్రాహకములను తిరిగి చక్కబరచుకొను వరకు దినదినమును, వారవారమును కొంచెము కొంచెముగా తగ్గింతురు. మద్యపానము తోడై యుండును గనుక థయామిన్ అను బి1 విటమినును చేర్తురు. ఈ మందులకు ఫ్లూమజెనిల్ అను విరుగుడు కలదు గాని, ఏండ్లతరబడి అలవాటుపడినవానికి అది ఇచ్చినచో ఒక్కుమ్మడిగా మందు తొలగినట్లై ఫిట్సు పుట్టవచ్చును. కావున వైద్యులు దానిని అట్టివారి విషయమున వాడుటకు వెనుకాడుదురు. నిద్ర మాత్రము నెలల తరబడి సరిగా పట్టకపోవచ్చును; ఆ కాలములోనే అధికులు మరల కాంపౌండు దారి పట్టుదురు.

అధికారులు తొట్లు ఒలుకబోయుట అవసరమే. కాని ఒక ఊరిలో కల్లు ఆపునాటికి ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఈ మందులును, వీనిని ఇయ్యనేర్చిన వైద్యుడును సిద్ధముగా లేనియెడల ఆ పని సగమే జరిగినట్లు. పాఠకులకు నా మనవి యిది: మీ యింట, మీ వాడలో ప్రతిదినము కల్లు త్రాగువారుండినచో, పట్టుదలతో ఒక్కనాట మానిపింపకుడు, ఆసుపత్రికి కొనిపోయి, కల్లు ఎన్నాళ్ళుగా, దినమునకు ఎన్ని సీసాలు, కడపట త్రాగినది ఎప్పుడు అను మూడు సంగతులను సిగ్గుపడక చెప్పుడు. వణకు, కలవరింత, ఫిట్సు కనబడినచో ఆలస్యము చేయక 108కి ఫోను చేయుడు; సలహా మాత్రమే కావలసినచో టెలి మానస్ వారి 14416 నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు.