కొత్త గీతకు తొలి వాకిలి: తేజుకా పురస్కారం, చందమామ వారసత్వం

జపాన్ దేశంలో బొమ్మల కథను మాంగా అంటారు. పుటను గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో కథలోని ఒక్కొక్క క్షణాన్ని గీసి, పాత్రల మాటలను బుడగలలో రాసి, చదువరి చూపును కుడి నుంచి ఎడమకు గడి వెంట గడి నడిపించే ప్రక్రియ ఇది. శ్రీశైలంలో మల్లికార్జునాలయ ప్రాకారం వెలుపలి ముఖాన ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, శివలీలలు రాతిపలకల మీద బారులు తీరి ఉండటం చూసిన కర్నూలు సీమ వారికి, బొమ్మ పక్కన బొమ్మ పేర్చి కథ చెప్పడమనే ఊహ కొత్తది కాదు. అయితే మాంగాలో కథ అల్లే బుర్ర, బొమ్మ గీసే చేయి చాలా సందర్భాలలో ఒకే మనిషివి కావటం వల్ల, ఆ రెండు శక్తులూ కలిసిన కొత్తవారిని వెతికి పట్టుకోవటం పత్రికలకు ఎప్పుడూ పెద్ద పనే.

ఆ వెతుకులాట కోసం ఏర్పడిన పోటీలలో పేరెన్నికగన్నది తేజుకా పురస్కారం. వైద్యవిద్య పూర్తిచేసి కూడా బొమ్మల కథలనే జీవితంగా ఎంచుకున్న ఒసాము తేజుకా పేరిట, షూయీషా అనే ప్రచురణ సంస్థ 1971లో దీనిని నెలకొల్పింది; బుద్ధుని చరిత్రను మాంగాగా గీసినది కూడా ఆ తేజుకాయే. 1968లో ఆ సంస్థ ప్రారంభించిన షోనెన్ జంప్ పత్రిక పుట్టేనాటికి, పేరుమోసిన చిత్రకారులు అప్పటికే పాతుకుపోయిన పత్రికలకు గీస్తూ ఉండటం చేత, ఊరూపేరూ తెలియని యువకులను తయారుచేసుకోవటం తప్ప దానికి మరో మార్గం లేకపోయింది. ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ పోటీలో తేజుకా స్వయంగా న్యాయనిర్ణేతగా కూర్చున్నారు. తగిన రచన రాలేదని తోస్తే ప్రథమ స్థానాన్ని ఖాళీగా వదిలివేయటం ఇక్కడ పరిపాటి, ఆ కాఠిన్యమే పురస్కారానికి విలువ తెచ్చింది.

పోటీకి గీసే పుట వెనుక ఉన్న శ్రమ చూడదగినది. మొదట కథంతా ముతకగా, గడులూ మాటలూ మాత్రమే కనిపించేలా చిత్తుప్రతి వేసుకుంటారు; దీనిని అక్కడివారు నేము అంటారు. తరువాత మందపాటి కాగితం మీద పెన్సిలుతో గీసి, ఉక్కుపాళీని సిరాలో ముంచి, ఒత్తిడిని బట్టి సన్నగానో లావుగానో సాగే గీతతో దిద్ది, తప్పు పోయినచోట తెల్లరంగు పూస్తారు. 1992లో 17 ఏళ్ల వయసులో ఎయీచిరో ఒదా అలా గీసిన ఒక చిన్న కథకు ద్వితీయ స్థానం దక్కింది. ఆ వెంటనే ఆయన ప్రసిద్ధుడు కాలేదు. ఇతర చిత్రకారుల వద్ద సహాయకుడిగా చేరి, సంపాదకులు తిప్పిపంపినవాటిని మళ్లీ మళ్లీ గీసి, 1997లో వన్ పీస్ ధారావాహికను మొదలుపెట్టగా, దాని ప్రతులు ప్రపంచమంతటా 50 కోట్లకు మించి చేరాయి. బహుమతి సొమ్ము కన్నా, దిద్దే సంపాదకుడు ఒకరు దొరకటమూ, పని నేర్పే గురువు దగ్గర చోటు దొరకటమూ ఈ పురస్కారం ఇచ్చే అసలు లాభం.

తెలుగునాట ఇందుకు దగ్గరగా వచ్చినది చందమామ. కడప జిల్లా పొట్టిపాడులో 1912లో జన్మించిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి మద్రాసులో 1947 జూలైలో దానిని వెలువరించగా, తేజుకాకు తొలి ఖ్యాతి తెచ్చిన పుస్తకం వెలువడినదీ ఆ ఏడాదే కావటం విశేషం. చిత్రా, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ వంటి వారికి ఆ పత్రిక ఏళ్ల తరబడి నీడనిచ్చింది. 1952లో చేరిన శంకర్, కత్తి చేతబట్టి శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడిని తరాల పిల్లల కళ్లముందు నిలిపారు. మరణానంతరం 2021లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అయితే చందమామ పాఠకులకు బాగా గుర్తున్న పోటీ ఫోటో వ్యాఖ్యలది. అచ్చయిన రెండు ఫోటోలకు ఒకదానితో ఒకటి పొసగే వ్యాఖ్యలు రాసి కార్డు మీద పంపితే, ఒక దశలో 10 రూపాయల బహుమానం ఇచ్చేవారు. అంటే పల్లెల్లోని పాఠకుడి మాటకు పత్రికలో తలుపు తెరిచి ఉండేది. అతని గీతకు మాత్రం అటువంటి ద్వారం ఏర్పడలేదు. ఇంతటి చిత్రకారుల కొలువును నిలిపిన సంస్థ విషయంలో ఇది నిజంగా బాధ కలిగించే లోటు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. కడపలోనే 2020లో వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడింది. జపాన్ విదేశాంగ శాఖ 2007లో నెలకొల్పిన అంతర్జాతీయ మాంగా పురస్కారం ఇతర దేశాల చిత్రకారులకు ఉద్దేశించినదే. మొదటి స్వర్ణ పురస్కారం హాంకాంగ్ చిత్రకారుడు లీ చీ చింగ్‌కు దక్కింది. దానికి పంపవలసినది కనీసం 24 పుటల కథ. కడపలో చదివే విద్యార్థి వారానికి అర పుట చొప్పున గీసినా, ఏడాది తిరిగేసరికి 26 పుటలు చేతిలో ఉంటాయి.