స్నేహితుల జమాఖర్చు

మానవుడు సంఘజీవి. కలిసి తిరగడం, కలిసి భుజించడం, కలిసి ఖర్చు చేయడం అతనికి సహజం. అయితే ఆ ఖర్చును పంచుకొనే వేళ చిక్కు వస్తుంది. కిరాణా వర్తకుడు ‘అప్పు రేపు’ అనే పలకను వేలాడదీసి తప్పించుకోగలడు. స్నేహితుని ఎదుట అటువంటి పలకను ఎవరూ వేలాడదీయలేరు. ఇచ్చినవాడు అడగడానికి మొహమాటపడతాడు, పుచ్చుకొన్నవాడు మరచిపోతాడు. చివరకు చిన్న మొత్తం పెద్ద మనస్పర్థకు దారితీస్తుంది. ఈ ఇబ్బందిని తొలగించే ప్రయత్నంలో పుట్టినవే ఖర్చులు పంచే యాప్‌లు. అమెరికాలో 2011లో ప్రారంభమైన ‘స్ప్లిట్‌వైజ్’ వీటిలో ప్రసిద్ధమైనది.

ఇటువంటి యాప్ పైకి సులభంగా కనిపించినా, దాని నిర్మాణంలో ఎంతో ఆలోచన ఇమిడి ఉంటుంది. ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. రవి, సలీం, జాన్, గోపాల్ అనే నలుగురు విద్యార్థులు విశాఖపట్నం నుండి అరకులోయకు విహారయాత్ర వెళ్ళారు. వాహనానికి రవి 2,400 రూపాయలు, భోజనాలకు సలీం 1,200 రూపాయలు, బొర్రా గుహల వద్ద జాన్ 400 రూపాయలు చెల్లించారు. గోపాల్ ఏమీ చెల్లించలేదు. ప్రతి ఖర్చునూ విడివిడిగా పంచితే తొమ్మిది బాకీలు ఏర్పడతాయి.

యాప్ ఈ తొమ్మిదింటినీ మోయదు. మొత్తం 4,000 రూపాయలలో ఒక్కొక్కరి వాటా 1,000. ఆ లెక్కన రవికి 1,400, సలీంకు 200 రావాలి. జాన్ 600, గోపాల్ 1,000 ఇవ్వాలి. రావలసిన మొత్తం, ఇవ్వవలసిన మొత్తం ఎప్పుడూ సమానంగా ఉండాలి. లేనిచో లెక్క తప్పినట్లే. తరువాత అందరికంటె ఎక్కువ ఇవ్వవలసిన వానిని, అందరికంటె ఎక్కువ రావలసిన వానితో జతపరుస్తారు. గోపాల్ రవికి 1,000, జాన్ రవికి 400, సలీంకు 200 ఇస్తే బాకీలన్నీ తీరిపోతాయి. ప్రతి చెల్లింపుతోను కనీసం ఒకరి లెక్క ముగుస్తుంది. చివరి చెల్లింపుతో ఇద్దరిదీ ముగుస్తుంది. కనుక నలుగురికి మూడు చెల్లింపులు, పదిమందికి తొమ్మిది చెల్లింపులు మించి అవసరం కావు.

అయితే సమభాగం అన్నివేళలా న్యాయభాగం కాదు. గోపాల్ గుహలలోకి వెళ్ళనేలేదనుకొంటే, ఆ 400 రూపాయలను ముగ్గురే పంచుకోవాలి. అప్పుడు ఒక్కొక్కరికి 133 రూపాయల 33 పైసలు వస్తుంది. మూడింటినీ కూడితే ఒక పైసా తగ్గుతుంది. పైగా కంప్యూటరు సంఖ్యలను ద్విసంఖ్యామానంలో భద్రపరుస్తుంది గనుక కొన్ని దశాంశ భిన్నాలను కచ్చితంగా నిలుపుకోలేదు. అందుచేత నిర్మాతలు సొమ్మును రూపాయల భిన్నాలుగా కాక, పైసలలో పూర్ణాంకాలుగా ఉంచుతారు. 40,000 పైసలను 13,333, 13,333, 13,334గా విభజిస్తారు. పైసా విలువ స్వల్పమే కావచ్చు. కాని లెక్క ఒకసారి తప్పిందని తెలిసిన తరువాత, ఆ పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

నమ్మకం కోసం మరికొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. పద్దును ఎవరు వ్రాశారో, ఎవరు ఎప్పుడు మార్చారో అందరికీ కనిపించాలి. సలీం వద్ద కూడా భోజనం చేసిన గోపాల్, సొమ్మంతా రవికే ఎందుకు ఇవ్వాలని అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానంగా మూలమైన పద్దులన్నింటినీ యాప్ చూపగలగాలి. సొమ్ము నిజంగా చేరిందని రూఢి అయిన పిదపనే బాకీ తీరినట్లు నమోదు చేయాలి.

భారతదేశంలో 2016లో ప్రారంభమైన యూపీఐ విధానం వలన సెల్‌ఫోన్ ద్వారా క్షణాలలో బాకీ తీర్చడం సాధ్యమైంది. సొమ్ము కావలసినవాడే అభ్యర్థన పంపే సదుపాయం కూడా అందులో ఉండేది. మోసగాళ్ళు దానిని దుర్వినియోగం చేయడంతో, వ్యక్తుల మధ్య అటువంటి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేశారు. కాబట్టి యాప్ బాకీని గుర్తుచేయగలదు; చెల్లింపును మాత్రం ఇవ్వవలసినవాడే ప్రారంభించాలి.

ఇక్కడే యంత్రం హద్దు తెలుస్తుంది. గోపాల్ వద్ద ఈ నెల డబ్బు లేకపోవచ్చు. ఆ సంగతి యాప్‌కు తెలియదు, రవికి తెలుస్తుంది. రోజూ హెచ్చరికలు పంపే యాప్ గోపాల్‌ను నొప్పిస్తుంది. గడువు పొడిగించడానికి, కొంత సొమ్మును వదులుకోవడానికి రవికి అవకాశమిచ్చే యాప్ ఆ స్నేహాన్ని కాపాడుతుంది. ఎంత రావాలో కచ్చితంగా చెప్పడం యంత్రం పని. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో నిర్ణయించడం మనిషి పని.